మాటల కాగితాలకి ఒక గది

రాష్ట్ర సినిమాటోగ్రఫీ, సాంస్కృతిక శాఖల మంత్రిగారికి,

నమస్కారం. రాజోలు దగ్గర ఒక ఊళ్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఈ ఉత్తరం రోడ్డు గురించీ కాదు, పింఛను గురించీ కాదు. సినిమాలకి మాటలు రాసినవాళ్ల కాగితాలు భద్రపరచడం గురించి. నవ్వకుండా చదవండి.

1998లో మా బడి వార్షికోత్సవానికి పిల్లలతో ‘అన్నమయ్య’ సినిమా ఆఖరి ఘట్టం వేయించాలనుకున్నాం. సినిమా వచ్చి ఏడాది కూడా కాలేదు. పాటలు అందరికీ నోటికొచ్చు, మాటలే కావాలి. అవి అచ్చులో ఎక్కడా దొరకలేదు. వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చి, వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ రెండు రాత్రులు కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించాను. కొన్ని చోట్ల సంగీతం కింద మాట వినపడలేదు. అక్కడ నా సొంత కవిత్వం పెట్టాను. తెలుగు మాస్టార్లకి ఆ జబ్బు ఎలాగూ ఉంటుంది. అన్నమయ్య వేషం కట్టిన కుర్రాడు ఇప్పుడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. ఎదురుపడితే ఆ మాటలన్నీ అప్పజెబుతాడు, నా కవిత్వంతో సహా.

ఆ సినిమా రాసిన జె.కె. భారవిగారు చేసిన పని ఏమిటో ఆ రెండు రాత్రుల్లోనే నాకు తెలిసింది. ‘అంతర్యామి అలసితి సొలసితి’ అన్నమయ్య కీర్తన. దాన్ని తెచ్చి ముసలి అన్నమయ్య చివరి ఘడియల్లో, స్వామి ఎదుట పాడించడం సినిమా చేసిన ఏర్పాటు. పాటకి ముందు నడిచే మాటలు ఒక్క పిసరు ఎక్కువైనా కీర్తన తేలిపోతుంది. పైగా హాల్లో కూర్చున్న ప్రతివాడికీ స్వామి వస్తాడని ముందే తెలుసు. తెలిసిన కథ చెప్పి కంటతడి పెట్టించాలి. ఇది హరిదాసుల విద్య. మా కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాలే ఉంది, అక్కడి పిల్లల్ని అడిగితే ఇందులో కష్టమెంతో చెబుతారు.

అన్నమయ్య జీవితానికి ఆధారం ఆయన మనవడు చిన్నన్న రాసిన ద్విపద. అందులోంచి రెండున్నర గంటల సినిమా లాగడం మామూలు పని కాదు. ఆ తర్వాత భారవిగారు రాసినవి 2001లో ‘శ్రీ మంజునాథ’, 2006లో ‘శ్రీరామదాసు’, 2008లో ‘పాండురంగడు’, 2017లో ‘ఓం నమో వేంకటేశాయ’, అన్నీ రాఘవేంద్రరావుగారి దర్శకత్వంలోవే. మధ్యలో 2013లో ‘జగద్గురు ఆదిశంకర’ని తనే డైరెక్ట్ చేశారు. మాటలతో పాటు పాటలూ రాసిన మనిషి.

ఆయన రాసినవన్నీ నాకు నచ్చాయని కాదు. అన్నమయ్య మరదళ్ల వెంట పడతాడు, మంజునాథుడి భక్తుడు ముందు నాస్తికుడు, పాండురంగడి కథానాయకుడు భోగలాలసుడు. భక్తుడు కావాలంటే ముందు దారి తప్పి తీరాలన్నట్టు ప్రతిసారీ అదే మలుపు. మరదళ్ల డ్యూయెట్లు వచ్చినప్పుడు మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అయినా భక్తి సినిమా అంటే పాము, గ్రాఫిక్సు అనుకుంటున్న రోజుల్లో ఒక వాగ్గేయకారుడి మీద, ఒక తహసీల్దారు రామభక్తి మీద మూడు తరాలు కలిసి కూర్చుని చూసే కథలు నడిపినవాడు ఆయన.

‘అన్నమయ్య’ సంగీతానికి మా కొవ్వూరులో పుట్టిన కీరవాణిగారికి జాతీయ అవార్డు వచ్చింది. నటనకి నాగార్జునగారికి ప్రత్యేక ప్రస్తావన దక్కింది. పాట రికార్డుల్లో ఉంది, నటన రీళ్లలో ఉంది. మరి రచయిత కొట్టేసి మళ్లీ రాసిన పేజీలు, షూటింగులో ఎగిరిపోయిన సీన్లు ఎక్కడున్నట్టు?

అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించబట్టి, తిరుమల కొండ మీద ఒక అరలో శతాబ్దాలు పడి ఉన్నా మనకి దక్కాయి. కాగితానికి అంత ఓపిక ఉండదు, అందులోనూ మా డెల్టాలో. మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. నాటకాల రాతప్రతులు, సినిమా హాళ్ల దగ్గర అమ్మే పాటల పుస్తకాలు ఒక ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. 1986 ఆగస్టు వరదల్లో గోదావరి ఇంట్లోకొచ్చింది. నీళ్లు తీసి పెట్టె తెరిస్తే మిగిలింది అట్టముద్ద. ఆయన దాన్ని ఎండబెట్టడానికి మూడు రోజులు ప్రయత్నించి, నాలుగో రోజు ఏమీ మాట్లాడకుండా కొబ్బరిచెట్టు మొదట్లో పోసేశారు.

కొన్నేళ్ల క్రితం భక్తి సినిమాల స్క్రిప్టులు చూడాలని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. “సీడీలు బజార్లో దొరుకుతాయి కదండీ” అన్నారు. స్క్రిప్టు వేరు, సీడీ వేరు అని చెప్పేసరికి భోజనాల టైమయింది.

 భారవిగారికి విగ్రహం అడగడం లేదు, రాజమండ్రి గట్టు మీద వాటికి కొదవ లేదు. అదే రాజమండ్రిలో 1936లో దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. పక్కనే ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారు అదే రామాయణాన్ని 1972లో బాపుగారి కోసం మళ్లీ రాశారు. అంటే ఈ పని ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. పాత పుస్తకాలు, తాళపత్రాలు భద్రపరిచిన గౌతమీ గ్రంథాలయమూ అక్కడే ఉంది. అందులో తడి తగలని ఒక గది, ఒక స్కానరు, పని తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. పౌరాణిక, భక్తి సినిమాలు రాసినవాళ్ల ఇళ్లకి వెళ్లి కాగితాలు అడగండి. భారవిగారిని కూర్చోబెట్టి, ఏ సీను ఎందుకలా రాశారో తీరిగ్గా చెప్పించి రికార్డు చేయండి. పోయాక సంతాప సభలో మేం చెప్పుకునేది ఆయన చెప్పినట్టు ఉండదు.

గది సిద్ధమైతే కబురు చేయండి. మొదటి కాగితంగా నా 1998 నోటుబుక్కు తెచ్చి ఇస్తాను. అందులో నా కవిత్వం ఉన్న చోట్ల పెన్సిలుతో గీతలు పెట్టి ఉంచాను. అసలు ప్రతి దొరికాక దిద్దుకోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు
రాజోలు