గుడికన్నా గుమ్మమే ఎత్తని ముందే చెప్పండి

పెరూ దేశంలో కొండమీదున్న పురాతన నగరం మాచు పిచ్చుకు మాకు టికెట్లు ఇచ్చిన కార్యాలయ ప్రధాన అధికారి గారికి నమస్కారం.

మూడుసార్లు ఈమెయిల్ పెట్టాను, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మాచు పిచ్చు ఎత్తు 2,430 మీటర్లు. కానీ చాలామంది ముందుగా విమానం దిగే కుస్కో నగరం ఎత్తు దాదాపు 3,400 మీటర్లు. గుడికన్నా గుమ్మమే ఎత్తన్నమాట! ఈ ముక్క మీ టికెట్ మీద ఎక్కడా లేదు. తెలియక, కుస్కోలో దిగిన మర్నాటికే ప్రవేశం పెట్టుకున్నాం. అంత ఎత్తు పడక, ఆ రాత్రంతా నాన్నగారికి తలనొప్పి, వాంతులు. తెల్లవారి బూట్ల లేసు కట్టుకోబోయి, వంగినవారు అలాగే మంచం అంచున ఒరిగిపోయారు. మడత నలగకుండా పాస్‌పోర్టులో దాచుకున్న టికెట్ అలాగే మిగిలింది. డాక్టర్ చీటీ చూపించినా మీ సిబ్బంది తేదీ మార్చలేదు.

రోజుకు ఇంతమందే అన్న పరిమితితో నాకు పేచీ లేదు. 1983 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం, కాపాడాల్సిందే.

నేను కోరేది ఇదీ: టికెట్ కొనేచోటే కుస్కో ఎత్తు రాయించండి, ముందు రెండు రోజులు కుస్కో దగ్గరి పవిత్ర లోయ (సేక్రెడ్ వ్యాలీ) లాంటి తక్కువ ఎత్తున్న చోట ఆగమని సూచించండి. వైద్య ధ్రువపత్రం ఉన్నవారికి, ఖాళీ ఉన్న మరో రోజుకు ఒక్కసారి తేదీ మార్చుకోనివ్వండి. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరని మనవి.

భవదీయుడు,
ఒక సందర్శకుడు