క్లిప్‌లెస్ పెడల్ అందరికీ ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం పేజీలో సైక్లింగ్ గురించి వేశారు కదా, బావుంది. కానీ కొత్తగా గేర్ సైకిల్ కొన్నోళ్లంతా ముందు క్లిప్‌లెస్ పెడల్సూ (షూ అడుగున బిగించే క్లీట్ అనే ముక్క పెడల్‌లో ఇరుక్కుని పాదాన్ని పట్టేసే రకం) దానికి సరిపడా షూసూ కొనుక్కోవాల్సిందే అన్నట్టు రాశారు, అది చదివి మా పర్లాకిమిడిలో పిల్లలు ఇంట్లో పేచీ పెట్టి మరీ కొనిపించుకుంటున్నారు.

రేసులోళ్ల సంగతి వేరండి. వాళ్లు ఈ పెడల్స్ రాకముందు తోలు బెల్టుతో పాదాన్ని పెడల్‌కి బిగించేసుకునేవాళ్లు, కాలు తియ్యాలంటే వంగి చేత్తో బెల్టు వదులు చేసుకోవాలి, 1985 టూర్ ద ఫ్రాన్స్ రేసుని ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఇనో లుక్ కంపెనీ క్లిప్‌లెస్ పెడల్స్‌తో గెలిచాక అందరూ ఇటు తిరిగారు. మడమ బయటికి తిప్పితే చాలు, ఊడొచ్చేస్తాది. మరి మనం పాతపట్నం వెళ్లొచ్చేలోపు గేదెలకి ఆగాలి, ఆటోకి ఆగాలి, సంత రోజైతే చెప్పక్కర్లేదు, ఆగిన ప్రతిసారీ మడమ తిప్పడం గుర్తుండాలి కదా!

పైగా కుర్రాళ్లు కొనేది క్లీట్‌ని షూకి మూడు బోల్టులతో బిగించే రకం, ఆ ప్లాస్టిక్ క్లీట్ షూ అడుగున పొడుచుకొచ్చి ఉంటాది, టీ కొట్టు దాకా నడిచినా బాతు నడకే, నడిచేకొద్దీ అరిగిపోతాది కూడా. కొనితీరాలంటే షిమానో కంపెనీ ఎస్‌పీడీ రకం తీసుకోండి, రెండు బోల్టుల చిన్న ఇనుప క్లీట్, సోల్ లోపలికే ఉంటాది, హాయిగా నడవొచ్చు. కొత్తోళ్లకి ఎస్‌హెచ్ 56 క్లీట్ మేలు, పక్కకే కాదు పైకి గట్టిగా గుంజినా వదిలేస్తాది. 3 ఎంఎం ఎలెన్ కీతో క్లీట్‌ని పట్టుకునే స్ప్రింగ్ వదులు చేసుకోవాలి, మామూలుగా పెడల్‌కి రెండు పక్కలా స్ప్రింగ్ ఉంటాది కాబట్టి రెండు పెడల్స్‌కీ కలిపి నాలుగు స్క్రూలూ ఒకేలా తిప్పాలి, ఒక పక్క మర్చిపోతే ఓసారి వస్తాది ఓసారి రాదు. వానల్లో మట్టిలో దిగితే క్లీట్‌లో బురద ఇరుక్కుంటాది, పుల్లతో గీకాక ఎక్కాలి.

నన్నడిగితే మామూలు వాడకానికి పిన్నులున్న ఫ్లాట్ పెడల్, మెత్తటి రబ్బరు సోల్ బూటు చాలు. కాలు పైకి లాగితే స్పీడు తన్నుకొస్తాదని అనుకుంటారు గానీ బలమంతా కిందికి తొక్కడంలోనే ఉందండి. జారుతాదని భయమైతే బెల్టు లేని హాఫ్ క్లిప్ (పెడల్ ముందు బూటు కొనకి అడ్డుండే చిన్న తొడుగు) వేయించుకోండి, చవక.

ఇంకోటి, ఈసారి వేసినప్పుడు ఇది కూడా రాయండి, ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటాది. ఇంట్లోనే మార్చేద్దామని అడ్డంగా బిగించేసి, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర పోగొట్టుకుని మా దగ్గరికి తెస్తున్నారు.

ఇట్లు,
ఒక సైకిల్ షాపు పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా