విలన్ చేసే పనికి కారణం ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో సిరీస్‌ల గురించి రాసేటప్పుడు గ్రాఫిక్స్, నటన, ఫైట్లు అన్నీ చెప్తారు గానీ విలన్ వేసే ప్లాన్‌లో అర్థం ఉందా లేదా అన్నది మాత్రం వదిలేస్తున్నారు. 2014 నుంచి 2023 దాకా తొమ్మిది సీజన్లు వచ్చిన అమెరికా సూపర్‌హీరో సిరీస్ ‘ది ఫ్లాష్’ అంటే నాకు చాలా ఇష్టం (మెరుపు వేగంతో పరిగెత్తే హీరో బ్యారీకే ఫ్లాష్ అని పేరు), అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి సీజన్ విలన్ థాన్, హీరో బ్యారీని చిన్నప్పుడే చంపేద్దామని భవిష్యత్తు నుంచి వస్తాడు, కుదరక వాళ్లమ్మని చంపుతాడు, తర్వాత స్పీడు పోయి ఇక్కడే ఇరుక్కుపోతాడు. తిరిగి వెళ్లాలంటే ఫ్లాష్ పరిగెత్తాలి, కాబట్టి చంపాలనుకున్నవాడినే ఏళ్ల తరబడి కాచుకుని ఫ్లాష్‌గా తయారు చేస్తాడు. ఎంత చక్కటి కథ!

రెండో సీజన్ విలన్ జూమ్‌కి ప్రాణం మీదికొచ్చిన జబ్బు. అందుకు బ్యారీ స్పీడు కావాలి, సరే. బ్యారీని పెంచినాయన కొడుకు వాలీని ఎత్తుకుపోయి, బ్యారీని బెదిరించి, స్పీడంతా లాగేసుకున్నాడు. అక్కడితో బ్యారీతో వాడికి పని అయిపోయినట్టే. కానీ చివరి ఎపిసోడ్‌లో లోకాలన్నిటినీ నాశనం చేసే యంత్రం పెట్టి, దానికి పవర్ కావాలంటే బ్యారీ తనతో పోటీగా పరిగెత్తాలంటాడు. బ్యారీకి స్పీడు తిరిగి రావడంలో వీడి ప్లాన్ ఏమీ లేదు, హీరో మనుషులు కష్టపడితే వచ్చింది. రాకపోయుంటే ఆ యంత్రం నడిచేదెట్లా? ఈ పరుగు కోసమే, తల్లి చనిపోయిన ఆ పాత ఇంట్లోనే, బ్యారీ కళ్ల ముందు తండ్రిని చంపుతాడు. ఆ సీన్‌లో నాకు ఏడుపొచ్చింది, కానీ అంత బాధకి వెనకున్న కారణం ఇంత డొల్లగా ఉంటే ఎట్లా?

మా తిరుపతి గంగమ్మ జాతర కథనే తీసుకోండి. అమ్మవారికి భయపడి పాలెగాడు దాక్కుంటాడు. అమ్మవారు బైరాగి, బండ, తోటి వేషాలు వేసినా వాడు బయటికి రాడు. దొర వేషం వేసినప్పుడే, తన పైవాడు వచ్చాడనుకుని వస్తాడు, తల పోగొట్టుకుంటాడు. వాడు బయటికి రావడానికి వాడికో లెక్క ఉంది, అందుకే చిన్నపిల్లలకి చెప్పినా మధ్యలో ‘ఎందుకు?’ అని ఆగిపోరు.

తెలుగులో కూడా సూపర్‌హీరో కథలు వస్తున్నాయి. దయచేసి మీ సమీక్షల్లో విలన్‌కి ఏం కావాలి, దానికోసం వాడు చేసే పని సరిపోతుందా అన్నది రెండు వాక్యాలైనా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి