మా వీధి చివరి పబ్‌ని మాకు కొనుక్కోనివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఇంగ్లండ్ గృహనిర్మాణ, స్థానిక పాలనా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా వీధి చివరి పబ్ మూతపడి పదకొండు నెలలైంది. కిటికీలకి ఇనప రేకులు కొట్టారు. ముందు తలుపుకి గొలుసు వేసి, చేతి గుప్పెడంత తాళం వేలాడదీశారు. వసారా కింద నల్లబోర్డు మాత్రం అలాగే ఉంది. దాని మీద సుద్దతో రాసిన ‘గురువారం క్విజ్, 7.30’ అన్న అక్షరాలు వాన తగలని చోట ఉండబట్టి ఇంకా కనిపిస్తున్నాయి. లండన్ పడమటి శివారులోని ఈ వీధిలో పదహారేళ్లుగా ఉంటున్నాను. రోజూ సాయంత్రం బస్సు దిగి ఆ బోర్డు ముందు నుంచే ఇంటికి వెళ్తాను.

ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి పోస్టులో పంపాను. తెలుగులో కూడా రాయడానికి ఒక కారణం ఉంది. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సంతకాల కోసం తలుపు తట్టినప్పుడు వాళ్లలో కొందరు ‘పబ్ మూస్తే మంచిదే కదండీ, మనకేంటి?’ అన్నారు. గుమ్మంలో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే మీకు చెప్పే మాటే వాళ్లూ చదవాలని ఇలా రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లా దాన్ని. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగిన కథ వింటూ పెరిగాను. మా పిన్ని ఆ రోజుల్లో చీపురు పట్టుకుని సారా అంగడి ముందు కూర్చున్న మనిషి. తాగుడు ఇంటిని ఎలా తినేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి నేను మందు అమ్మే చోటుని కాపాడమని ఒక మంత్రికి ఉత్తరం రాస్తున్నానంటే, ఆ చోటు ఎలాంటిదో ముందు చెప్పాలి.

పబ్ అనగానే మనవాళ్లకి చీకటి గది, రంగుల లైట్లు, చెవులు పగిలే పాటలు గుర్తొస్తాయి. ఇక్కడి వీధి పబ్ అది కాదు. పబ్లిక్ హౌస్ అన్న మాటే పొట్టిగా పబ్ అయింది. అంటే పదిమంది ఇల్లు. మా పబ్‌లో నేలకి పాత తివాచీ, గోడకి డార్ట్స్ బోర్డు, మూల ఒక పియానో, కిటికీ దగ్గర నాలుగు కుర్చీలు. పిలుపు లేకుండా వెళ్లచ్చు. నిమ్మ సోడా ఒకటి తీసుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్లు లేరు.

2014 ఎండాకాలంలో మా నాన్న ఆరు నెలల వీసా మీద వచ్చారు. రిటైరైన స్కూలు టీచరు, జన్మలో మందు ముట్టలేదు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్లిపోతే పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చునేవారు. రెండు వారాలయ్యాక ఒక రాత్రి భోజనం దగ్గర, ‘ఈ ఊళ్లో మనుషులు లేరా అమ్మా?’ అని అడిగారు. ఆ ఆదివారం ఆయన్ని పబ్‌కి తీసుకెళ్లాను. లోపలికి రావడానికి మొహమాటపడి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పబ్ నడిపే ఆవిడ కౌంటరు వెనక నుంచి వచ్చి, కిటికీ పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టింది. పక్క బల్ల దగ్గర, ఒకప్పుడు బస్సు నడిపి రిటైరైన ఒక పెద్దాయన డామినోస్ ఆట చుక్కల ముక్కలు కలుపుతున్నాడు. ఏమీ అడగలేదు. ఏడు ముక్కలు తీసి మా నాన్న ముందు పెట్టాడంతే.

మూడో వారానికి ఆ కుర్చీ నాన్నదైపోయింది. రోజూ నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారు. ఆయన ఇంగ్లీషు అక్కడివాళ్లకి సగమే అర్థమయ్యేది, వాళ్లది ఈయనకి సగం. ఆ సగంతోనే పెన్షన్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి మా ఆవిడ ప్రయోజకత్వం చూడండంటూ అమ్మ పంపిన జంతికల డబ్బా మొత్తం అక్కడ పంచి వచ్చారు. తిరిగి వెళ్లే ముందు రోజు వాళ్లంతా గ్లాసు కింద పెట్టే గుండ్రటి అట్ట మీద సంతకాలు చేసి ఇచ్చారు. నాన్న పోయాక బీరువా సర్దుతుంటే, బ్యాంకు పాసుపుస్తకాల కవర్లో ఆ అట్టముక్క దొరికింది.

మంత్రిగారూ, ఒంటరితనం గురించి మీ ప్రభుత్వాలు చాలా మాట్లాడాయి. 2018లో ఈ దేశం దానికోసం ఏకంగా ఒక మంత్రినే పెట్టింది. మా నాన్న ఒంటరితనానికి మందు మా వీధి చివరే దొరికింది. ప్రభుత్వానికి పైసా ఖర్చు కాలేదు.

అసలు ఈ గుమ్మం దాటడం మనవాళ్లకి ఊరికే రాలేదు. 1960ల్లో ఈ దేశంలో చాలా పబ్‌లు నల్లవాళ్లనీ, భారతీయుల్నీ లోపలికి రానిచ్చేవి కావు, రానిచ్చినా వేరే గదిలో కూర్చోమనేవి. బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో ఈ వివక్ష మీద భారతీయ కార్మికుల సంఘం పోరాడింది. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ అక్కడికి వచ్చి చూసి వెళ్లాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే ఆయన్ని న్యూయార్క్‌లో చంపేశారు. బహిరంగ స్థలాల్లో జాతి వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. తర్వాతి కాలంలో ఆ ప్రాంతంలోనే పంజాబీలు మూతపడబోయే పబ్‌లు తీసుకుని నిలబెట్టారు. ఇవాళ వాటిని దేశీ పబ్‌లంటారు. బీరు పక్కనే తందూరీ ముక్కలు పెడతారు, తెల్లవాళ్లూ మనవాళ్లూ ఒకే బల్ల దగ్గర తింటారు. అంత కొట్లాడి సంపాదించుకున్న గుమ్మానికి ఇప్పుడు గొలుసు వేస్తుంటే ‘మనకేంటి’ అనగలమా?

ఇక పబ్ పోతే తాగుడు తగ్గుతుందన్న మాట. ఇప్పటికే ఈ దేశంలో మందు ఎక్కువగా అమ్ముడయ్యేది పబ్‌లలో కాదు, సూపర్‌మార్కెట్లలో, షాపుల్లో. అక్కడ చవక కూడా. అక్కడ కొన్నవాడు ఇంట్లో తలుపులు వేసుకుని తాగుతాడు. ‘ఇవాళ్టికి చాల్లే, ఇంటికి వెళ్లు’ అనే మనిషి అక్కడ ఉండదు. మా పబ్ ఆవిడ ఆ మాట అనడం నా చెవులతో ఎన్నోసార్లు విన్నాను. ఒక రాత్రి ఒకతని కారు తాళాలు తీసుకుని తన సొరుగులో వేసుకుంది కూడా.

జనం రాకపోవడం వల్ల మా పబ్ మూతపడలేదు. ఆఖరి గురువారం కూడా క్విజ్‌కి కూర్చునేందుకు కుర్చీలు చాల్లేదు. దాన్ని మూయించింది లెక్క. ఆ భవనం ఒక కంపెనీది, ఆవిడ అద్దెకి నడుపుతోంది. అద్దె కట్టడంతో సరిపోదు, బీరు కూడా ఆ కంపెనీ చెప్పిన చోటే, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. దీన్నే ఇక్కడ ‘టై’ అంటారు. ఒక మధ్యాహ్నం ఆవిడ రెండు కాగితాలు నా ముందు పెట్టింది. అదే పీపా, అదే బీరు. ఒకటి తను కట్టే ధర, రెండోది బయట దొరికే ధర. రెండు అంకెల మీదా వేలు పెట్టి, ఏమీ అనకుండా నా మొహంలోకి చూసింది.

దీనికి చట్టం లేక కాదు. 2016లో పబ్స్ కోడ్ వచ్చింది. టై వద్దు, మార్కెట్ అద్దె మాత్రం కడతానని అడిగే హక్కు దాని కింద ఉంది. కానీ ఆ కోడ్ 500 లేదా అంతకు మించి టై పబ్‌లున్న కంపెనీలకే వర్తిస్తుంది. మా యజమాని కంపెనీకి అన్ని లేవు. కాబట్టి ఆవిడకి ఆ హక్కూ లేదు. బీరు కొనేవాడికి కంపెనీ పెద్దదా చిన్నదా అన్నది ఏం తేడా? ఈ 500 గీత ఎవరి కోసం గీశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దాన్ని చెరిపేయమని అడుగుతున్నాను.

దాని మీద 2022లో కరెంటు, గ్యాస్ బిల్లులు పడ్డాయి. 2025 ఏప్రిల్లో బిజినెస్ రేట్ల మీద, అంటే వ్యాపార భవనాలకి కట్టే పన్ను మీద, రాయితీ 75 శాతం నుంచి 40కి తగ్గింది. అదే నెలలో ఉద్యోగుల జీతాల మీద యజమాని ప్రభుత్వానికి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 శాతం నుంచి 15కి పెరిగింది, అది మొదలయ్యే ఏడాది జీతం హద్దు 9,100 పౌండ్ల నుంచి 5,000కి దిగింది. వారానికి కొన్ని పూటలే పనిచేసేవాళ్ల జీతాల మీద కూడా ఆ లెక్క మొదలైందన్నమాట. కొన్నాళ్లకి ఆవిడ తాళాలు అప్పగించేసింది. భవనాన్ని ఒక బిల్డర్ కొన్నాడు. ఇప్పుడు అక్కడ ఫ్లాట్లు కడతామని ఇక్కడి స్థానిక పాలనా సంస్థ అయిన కౌన్సిల్లో దరఖాస్తు పడింది.

ఇళ్లు అక్కర్లేదని నేననడం లేదు. నా కొలీగ్స్‌లో సగంమంది జీతంలో సగం అద్దెకి పోతోంది. అయితే ఇళ్లు కట్టుకున్నాక ఆ మనుషులు సాయంత్రం ఎక్కడికి వెళ్లాలి?

మేం ఊరుకోలేదు. 2011 లోకలిజం చట్టం కింద ఒక భవనాన్ని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. 21 మంది స్థానికులు కలిసి అడిగితే చాలు. పబ్ నడుస్తున్న రోజుల్లోనే మేం నమోదు చేయించాం. యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు మేం కొంటామని ఆరు వారాల్లోపు చెప్పాం. దాంతో అమ్మకం ఆరు నెలలు ఆగింది. ఆ ఆరు నెలల్లో వీధి వీధీ తిరిగాం. పెన్షన్ మీద బతికే ఆ డామినోస్ పెద్దాయన కవర్లో యాభై పౌండ్లు పెట్టి ఇచ్చాడు. మేం కూడబెట్టింది పబ్‌గా దాని విలువకి దగ్గరగా వచ్చింది. వాళ్లు అడిగింది ఫ్లాట్లు కట్టుకునే స్థలం ధర. మాకే అమ్మాలని చట్టంలో ఎక్కడా లేదు. గడువు తీరింది, వేరేవాళ్లకి అమ్మేశారు. చట్టం మాకిచ్చింది ఆశపడే సమయం మాత్రమే.

2025 జూలైలో మీ ప్రభుత్వం తెచ్చిన బిల్లులో ఆ ఆరు నెలల్ని పన్నెండుకి పెంచాలని, కొనే అవకాశం ముందు స్థానికులకే ఇవ్వాలని ప్రతిపాదించారు. అది చదివిన రోజు మేమంతా ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. కానీ రెండు విషయాలు చూడండి. ధర కట్టేటప్పుడు పబ్‌ని పబ్‌గా లెక్కగట్టాలి, రేపు రాబోయే ఫ్లాట్ల విలువగా కాదు. అలా కాకపోతే ముందు అడిగే హక్కు ఉన్నా మా చేతికి ఏమీ రాదు. రెండోది డబ్బు. ఇలాంటి చోట్లని కొనుక్కోవడానికి సాయంగా 2021లో 15 కోట్ల పౌండ్ల నిధి ఒకటి పెట్టారు. 2024 డిసెంబరులో దాన్ని మూసేశారు. హక్కు చేతికిచ్చి నిధి వెనక్కి తీసుకుంటే, మా వీధిలాంటి మామూలు జీతాల వీధులకి ఆ హక్కుతో ఏం పని? ఆ నిధిని మళ్లీ తెరవండి.

జనం పబ్ నడపలేరని ఎవరైనా మీకు చెప్తే దక్షిణ లండన్‌లోని నన్‌హెడ్‌కి వెళ్లి ఐవీ హౌస్ చూడమనండి. ఈ చట్టం కింద దేశంలో మొదట నమోదైన పబ్ అదే. 2013లో ఆ చుట్టుపక్కలవాళ్లు మూడు వందల మందికి పైగా వాటాలు వేసుకుని కొన్నారు.

ఆఖరుగా ఒక అత్యవసరమైన మాట. మొన్న వానకి మా పబ్ కప్పు మీద సీసపు రేకులు ఎవరో ఊడదీసుకుపోయారని తెలిసింది. లెటర్ బాక్స్ సందులోంచి టార్చి వేసి చూశాను. పియానో మూత మీద నీళ్లు పడుతున్నాయి. కౌన్సిల్‌కి రెండుసార్లు రాశాం, జవాబు లేదు. ఖాళీగా వదిలేసిన పబ్‌లకి ఏమవుతుందో మీకు తెలుసు. 2015లో కిల్బర్న్‌లోని కార్ల్‌టన్ టావెర్న్‌ని అనుమతి లేకుండా కూలగొట్టారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ పట్టుబట్టి మళ్లీ అలాగే కట్టించింది, 2021లో తలుపులు తెరిచారు. 2023 ఆగస్టులో హిమ్లీలోని క్రూకెడ్ హౌస్ అమ్మిన కొద్ది రోజులకే తగలబడింది, మంటలారిన రెండు రోజులకి నేలమట్టమైంది. మాది అలా పేరున్న పబ్ కాదు. అది కూలితే పేపర్లో రాదు. కప్పు బాగుచేయమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం 1990 ప్లానింగ్ చట్టంలో కౌన్సిళ్లకి ఉంది. ఆ అధికారం వాడమని వాళ్లకి మీ వైపు నుంచి ఒక్క మాట చెప్పండి. చలికాలం వచ్చేలోపు చెప్పండి.

ప్లానింగ్ కమిటీ ఇంకా నిర్ణయం తీసుకోలేదు. నగర అభివృద్ధికి నియమాలు పెట్టే లండన్ ప్లాన్ ప్రకారం, పబ్‌గా ఇక నడవదని చెప్పాలంటే కనీసం 24 నెలలు సరైన ధరకి, పబ్‌గానే అమ్మకానికి పెట్టి చూపించాలి. మా పబ్‌ని అలా ఒక్క నెల కూడా పెట్టలేదు. మా అభ్యంతరంలో ఇదే రాశాం. 

ఈలోగా మేం ప్రతి గురువారం ఏడున్నరకి పబ్ ముందు ఫుట్‌పాత్ మీద క్విజ్ పెట్టుకుంటున్నాం. ఇళ్ల నుంచి కుర్చీలు తెచ్చుకుంటాం, వానొస్తే గొడుగులు. పబ్ ఆవిడ ఇప్పుడు ఆరు మైళ్ల అవతల ఒక కేర్ హోంలో వంట చేస్తోంది, అయినా షిఫ్టు దిగి రెండు బస్సులు మారి వస్తుంది. ప్రశ్నలు ఆవిడే చదువుతుంది. మీకు వీలున్న గురువారం రండి. కుర్చీ మేం తెస్తాం.

ఇట్లు,
ఆ వీధిలో ఉంటున్న ఒక నెల్లూరు ఆడపడుచు