ముందు ఆ పోస్టు తీయండి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: కొత్తగా తెరిచిన నా ఖాతాను వరద రోజున లాక్ చేయడం, కాలం చెల్లిన నా పోస్టును నన్నే తీయనివ్వకపోవడం గురించి.

అయ్యా,

నేను పి.గన్నవరం మండలంలో గోదావరి వైనతేయ పాయ పక్కనున్న ఒక లంక ఊరి రైతుని. కొబ్బరి, అరటి, కొంచెం కంద వేస్తాను. చిన్న చిన్న పోస్టులు పెట్టుకోవడానికి మీ సంస్థ కొత్తగా తెచ్చిన మైక్రోబ్లాగింగ్ యాప్‌లో 19 రోజుల కిందట చేరాను. ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను. మూడింటికీ ఒకటే ఇంగ్లిష్ జవాబు, కామా కూడా మారలేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి కాబట్టి ఆ ముక్క చెప్పారు. చదివినవాళ్లు ఎవరూ లేరని మాత్రం తెలుస్తూనే ఉంది. అందుకే ఈసారి తెలుగులో, కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఎందుకు చేరానో ముందు చెప్పాలి. వరద రోజుల్లో మా ఊరివాళ్లకి కావలసినవి మూడు ముక్కలు. భద్రాచలంలో గోదావరి ఎన్ని అడుగులుంది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎన్ని లక్షలు వదిలారు, ఊరికి ఏరు దాటే పల్లపు దారి, అదే మన కాజ్‌వే, దాని మీద నీరెంత. లక్షలంటే క్యూసెక్కులని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షలైతే మొదటి హెచ్చరిక, 13 అయితే రెండోది, 17 అయితే మూడోది. 1986 వరద చూసిన పెద్దవాళ్లు 35 లక్షలని ఇప్పటికీ చెబుతారు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు పశువులతో సహా మేం ఏటిగట్టు ఎక్కి కూర్చున్నాం. మా వాట్సాప్ గ్రూపులో ఈ మూడు ముక్కలు గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడి కనబడకుండా పోతున్నాయి. చిన్న చిన్న పోస్టులైతే ఎవరికి కావాలంటే వాళ్లు తెరిచి చూసుకుంటారని, కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలు చెప్పింది. ఆ మాట నిజమే. కూ యాప్ కాస్త అలవాటయ్యేలోపే 2024 జూలైలో మూతపడింది. మీది తెలుగులో కూడా ఉందని ప్రకటన చూసి ఇటు వచ్చాను.

ఆ తెలుగు సంగతి కూడా చెప్పాలి. పోస్టు అనే మాటకి మీ యాప్‌లో ‘స్తంభం’ అని ఉంది. ‘కొత్త స్తంభం వేయండి’ అనే బటన్ చూడగానే నాకు కరెంటాఫీసు గుర్తొచ్చింది. ఫాలో అవడం ‘వెంబడించడం’ అయింది. మొదటిరోజు సాయంత్రం ‘మిమ్మల్ని 14 మంది వెంబడిస్తున్నారు’ అని ఫోను మోగితే మా ఆవిడ నిజంగానే కంగారుపడింది. పోస్టు, ఫాలో అనే రాసేస్తే ఏం పోయింది? మేం మాట్లాడేది అలాగే కదా. ఇంటిపేరు చివర పెట్టమన్నారు, పెట్టాను. మూడు ఆసక్తులు ఎంచుకుంటేగానీ ముందుకు పోనివ్వలేదు. వ్యవసాయం అని నొక్కితే మేడమీద కుండీల్లో మొక్కలు చూపించారు. పోనీలెండి.

లెక్క మాత్రం వదలను. ఒక పోస్టుకి 300 అక్షరాలు అన్నారు. నేను ‘ధవళేశ్వరం’ అని కొట్టగానే 273 మిగిలాయని చూపించింది. అది చదవడానికి అయిదు అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు, సున్నా విడివిడిగా లెక్కేసినా తొమ్మిదే. మీరు 27 కోశారు. అదే మాట ఇంగ్లిష్‌లో Dowleswaram అని కొడితే 11 పోయాయి. మా మేనకోడలు చూసి చెప్పింది, కంప్యూటర్ లోపల తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు పడుతుందట, మీరు అక్షరాలు అని బోర్డు పెట్టి బైట్లు కొలుస్తున్నారట. అంటే ఇంగ్లిష్ వాడికి 300, నాకు 100. సంతలో ఇలా తూస్తే కాటా ఎత్తి అవతల పారేస్తారు. ట్విట్టర్ మొదట్లో 140 పెట్టిందంటే దానికో కారణం ఉంది, ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, అందులో 20 పేరుకి ఉంచారు. 2017లో దాన్ని 280 చేశారు. మీకు ఎస్సెమ్మెస్‌తో పని లేదు, మరి ఈ తూకం ఎందుకు?

హ్యాష్‌ట్యాగ్ కూడా అంతే. గోదావరి అని పెడితే ‘గ’ వరకే నీలంగా మారి లింకయింది. ఓత్వం మీ యాప్ లెక్కలో అక్షరం కాదట. ఆ ‘గ’ నొక్కితే గణపతి, గారెలు, గచ్చిబౌలి ఫ్లాట్లు అన్నీ వచ్చాయి.

ఇవన్నీ సర్దుకుపోయేవాణ్ణే. మొన్న వరద వచ్చిన రోజు జరిగింది వేరు.

తెల్లవారుజామున 5 గంటలకి గట్టు మీద నుంచి పోస్టు పెట్టాను: ‘ధవళేశ్వరం 7 లక్షలు. కాజ్‌వే అంచుకి నీరు తగిలింది. బళ్లు పోతున్నాయి.’ అప్పటికది నిజం. తర్వాత గంట గంటకీ అదే తీరులో అంకెలు మార్చి పెడుతూ వచ్చాను. 9 గంటల పోస్టులో ‘మోకాలి లోతు. బళ్లు దింపొద్దు, పడవ ఉంది’ అని రాశాను. 10 గంటలకి ఆరో పోస్టు పెట్టబోతే ఖాతా లాక్ అయింది. ఒకే మాట పదే పదే పెడుతున్నాను కాబట్టి నేను రోబోనని మీకు అనుమానం. మనిషినని నిరూపించుకోవడానికి ఫైర్ హైడ్రెంట్లు, అంటే మంటలార్పడానికి రోడ్డు పక్కన పెట్టే ఎర్ర కొళాయిలు, ఉన్న బొమ్మలు నొక్కమన్నారు. మా మండలంలో అలాంటిది నేనెక్కడా చూడలేదు. ఎర్రగా ఉందని పోస్టు డబ్బా నొక్కాను, తప్పన్నారు. తర్వాత ఓటీపీ అన్నారు. అప్పటికే కరెంటు తీసేశారు, టవర్ ఒక గీత చూపించి పోతోంది. ఓటీపీ వచ్చేసరికి దాని గడువు అయిపోయింది. మూడుసార్లు అలాగే అయ్యాక ఇక అడగొద్దన్నారు.

లాక్ అయితే అయింది. కానీ నా పోస్టులు అలాగే ఉంచారు. అందులోనూ 5 గంటల పోస్టుని ఎక్కువమంది పంచుకున్నారని అందరికీ పైన చూపించారు. టైమ్ ఉండాల్సిన చోట ‘ఈ రోజు’ అని మాత్రమే ఉంది. 9 గంటల పోస్టు ఎక్కడో కిందకి పోయింది. మధ్యాహ్నం పాల క్యాన్లతో ఒకబ్బాయి బండి కాజ్‌వే మీదకి దింపబోతే, రేవులో పడవ దగ్గరున్న కుర్రాళ్లు కేకలేసి ఆపారు. అప్పటికి నడుం లోతు నీరు, పైగా లాగుడు మీద ఉంది. ఆ అబ్బాయి ఫోను నా మొహం ముందు పెట్టాడు.

“మీరే కదా బాబాయ్ బళ్లు పోతున్నాయని పెట్టింది?”

ఏం చెప్పమంటారు? నేనే పెట్టాను. తీసేద్దామంటే తాళం మీ దగ్గరుంది. ఆ మధ్యాహ్నమంతా నేను రేవులో నిలబడి వచ్చినవాళ్లకి నోటితో చెప్పుకున్నాను.

నేను ప్రభుత్వ అధికారిని కాను, నా అంకెలు జలవనరుల శాఖ వాళ్లు చెప్పినవే. అయినా లాక్ చేసిన మనిషికి తన పాత పోస్టు తీసుకునే దారి ఒకటి ఉంచాలి. కొత్తగా చేరినవాళ్లకి మొదట కనబడేది టైమ్ వరసలో ఉండాలి, గంటా నిమిషం కనబడాలి. వరద ఉన్న జిల్లాల్లో గంట గంటకీ అంకెలు పెట్టేవాడు రోబో కాదని గుర్తుపట్టడానికి తెలుగు వచ్చిన మనిషి ఒక్కరు మీ ఆఫీసులో ఉంటే చాలు. అక్షరాల లెక్క, స్తంభాల సంగతి మీకు తీరికున్నప్పుడు చూడండి.

ఈ ఉత్తరం రాసే సమయానికి ఖాతా లాక్‌లోనే ఉంది. ‘బళ్లు పోతున్నాయి’ అన్న పోస్టు మా మేనకోడలి ఫోన్లో ఇంకా కనబడుతోంది, టైమ్ చోట ‘ఇటీవల’ అని మారింది. పైన మళ్లీ వానలు పడుతున్నాయి. భద్రాచలంలో పొద్దున్న 39 అడుగులు, 43కి అక్కడ మొదటి హెచ్చరిక. ఆ నీరు మా దగ్గరికి రావడానికి ఓ రోజు అటూఇటూ పడుతుంది. ఖాతా ఇవ్వడం ఆలస్యమైనా ఆగుతాను, ముందు ఆ పోస్టు తీయండి.

ఇట్లు,
మీ యాప్ దృష్టిలో రోబో,
వైనతేయ ఒడ్డు, కోనసీమ