రాజేంద్రనగర్ దాకా వచ్చిన పుస్తకం నల్గొండకు ఎందుకు రాదు?

గౌరవనీయులైన తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నల్గొండ జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. అంటే, ఉండేది. ఇప్పుడు సగం చెట్లే మిగిలాయి.

ముందు ఒక పక్క కొమ్మలు వాడాయి. తర్వాత ఆకు రాలింది. కాయలు మాత్రం చెట్టుకే వేలాడుతూ ముడుచుకుపోయాయి. మొదలు దగ్గర తవ్వి చూస్తే వేరు బెరడు చేత్తో లాగితే ఊడొచ్చింది. మందుల దుకాణంలో అడిగితే పేరు చెప్పకుండానే మూడు డబ్బాలు చేతిలో పెట్టారు. కొట్టాను, చెట్లు ఆగలేదు. అప్పుడే పక్క తోట రైతు గట్టు మీద కూర్చుని అడిగాడు: "సారూ, ఇన్నేండ్లు పుస్తకాల నడుమ ఉన్నవు. గీ రోగం మీద పుస్తకం ఏదన్న ఉన్నదా?"

ఆ ప్రశ్నకు నేను సిగ్గుపడ్డాను. మా గ్రంథాలయంలో దినపత్రికలు, నవలలు, పోటీ పరీక్షల గైడ్లు ఉంటాయి. వ్యవసాయం అని రాసిన బీరువాలో అట్టలూడిన పాత సంచికలు కొన్ని. బత్తాయి మీద ఒక్క కరపత్రం కూడా లేదు.

పుస్తకాలు లేక కాదు సార్, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దాకా వచ్చినవి మా దాకా రాక. ఈ విషయం వెతకడం మొదలుపెట్టాకే తెలిసింది. ప్రపంచంలో వ్యవసాయ గ్రంథాలయాలు ఏభై ఏళ్లుగా ఒకదానితో ఒకటి చేయి కలిపి నడుస్తున్నాయి. రోమ్‌లోని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1974లో అగ్రిస్ అనే ఏర్పాటు చేసింది. దాని సూత్రం మన ఊళ్లలో బదులు పని లాంటిదే. ఏ దేశానికా దేశం తన దగ్గర అచ్చయిన వ్యవసాయ రచనల వివరాలు తానే రాసి పంపుతుంది. అన్నీ కలిపిన జాబితా అందరికీ అందుతుంది. అంతకు ముందే, 1971లో, పెద్ద వ్యవసాయ గ్రంథాలయాలు కొన్ని అగ్లినెట్ పేరుతో ఒకరి పుస్తకాల నకళ్లు ఇంకొకరికి పంపుకునే ఒప్పందానికి వచ్చాయి. అమెరికా జాతీయ వ్యవసాయ గ్రంథాలయం కూడా 1970 నుంచి అగ్రికోలా అనే తన జాబితా నడుపుతోంది. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి ఖరీదైన పరిశోధన పత్రికలు తెప్పించుకునే సేరా అనే ఉమ్మడి ఏర్పాటు 2007లో మొదలైంది. ఒకరి దగ్గర లేని వ్యాసం ఇంకొకరి దగ్గర ఉంటే అడిగి తెప్పించుకోవచ్చు. విద్యార్థుల పరిశోధన గ్రంథాల కోసం కృషికోశ్ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది.

దీనివల్ల బత్తాయి రైతుకు ఒరిగేదేమిటి అని అడుగుతారేమో. బ్రెజిల్ సంగతి చెబుతాను. మన సాతుగుడి బత్తాయిని అంటు కట్టేది ఎక్కువగా రంగపూర్ నిమ్మ మీద, అంటే వేరు రంగపూర్ నిమ్మది, పైచెట్టు బత్తాయిది. బ్రెజిల్‌లోని సావో పాలో తోటలు కూడా చాలా కాలం దీని మీదే నిలబడ్డాయి. 1940ల్లో ట్రిస్టెజా వైరస్ వచ్చి అక్కడ పుల్ల నారింజ వేరు మీది చెట్లను లక్షల్లో చంపేసింది. తట్టుకుంటుందని రైతులు రంగపూర్ నిమ్మకు మారారు. 2000 ప్రాంతంలో, సరిగ్గా ఆ రంగపూర్ నిమ్మ వేరు మీదున్న చెట్లే హఠాత్తుగా చనిపోవడం మొదలైంది. వేరే వేరుమూలం మీదున్న చెట్లు బతికాయి. అక్కడివాళ్లు ఉన్న చెట్ల పక్కనే తట్టుకునే మొక్క నాటి, దాన్ని మానుకు అంటు కట్టి కాపాడుకున్నారు. నా తోటలో వచ్చింది ఆ రోగమేనని నేను అనడం లేదు, నాది వేరుకుళ్లు కావచ్చు. కానీ ఒకే వేరు మీద జిల్లా అంతా తోటలు పెట్టిన రైతుకు ఈ కథ తెలియాలా, వద్దా?

ఇంకో చిక్కు దగ్గరలోనే ఉంది. బత్తాయి మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది తిరుపతిలో, పేట్లూరులో. 2014 తర్వాత అవి పక్క రాష్ట్రానివి అయ్యాయి. బ్రెజిల్ కాగితం రోమ్ మీదుగా దొరుకుతుంది గానీ తిరుపతి కరపత్రం నల్గొండలో దొరకదు. నవ్వాలో ఏడ్వాలో తెలియదు.

ఇక భాష. అగ్రిస్ కోసమే తయారైన అగ్రోవాక్ అనే పదకోశంలో ఒక పంటకు, ఒక పురుగుకు అనేక భాషల్లో పేర్లు పక్కపక్కనే ఉంటాయి. పోర్చుగీసులో రాసిన వ్యాసాన్ని ఇంకో భాష పదంతో వెతకొచ్చు. అందులో తెలుగు కూడా ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా సంతోషమైంది. అయితే మా దగ్గర వేరుశనగను పల్లి అంటాం, మొక్కజొన్నను మక్క అంటాం. మహబూబ్‌నగర్ ఆముదం రైతు దాసరి పురుగు అని వెతుకుతాడు, దాని లాటిన్ పేరుతో కాదు. ఈ మాటలు చేర్చగలిగింది మన విశ్వవిద్యాలయమే, రోమ్‌లో కూర్చున్నవాళ్లు కాదు.

మా జిల్లాలో పెద్ద కాలువ తవ్వి పిల్ల కాలువలు మరిచిన ఊళ్లు మీకు తెలుసు. ఇదీ అంతే. సేరా క్యాంపస్ గోడ దాటదు. ప్రచురణకర్తల ఒప్పందం అలాంటిది, అందుకు ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆ వ్యాసం చదివి, సారం ఒక పేజీ తెలుగులో రాసి పంపడానికి ఏ ఒప్పందమూ అడ్డు రాదు.

నేను అడిగేది చిన్నదే. శాఖా గ్రంథాలయంలో ఒక స్లిప్పుల పుస్తకం పెట్టించండి. రైతు తన ప్రశ్న తన మాటల్లో రాస్తాడు, రాయలేకపోతే లైబ్రేరియన్ రాస్తాడు. అది పాలెం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రాలకో రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో వెళ్లాలి, పది రోజుల్లో తెలుగు పేజీ తిరిగి రావాలి. నకలు ఒకటి రైతు వేదికలో అంటించాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, గోడలు ఖాళీగానే ఉన్నాయి. మన పరిశోధన కేంద్రాలు వేసిన తెలుగు కరపత్రాలన్నీ స్కాన్ చేసి కృషికోశ్‌కు, అగ్రిస్‌కు పంపాలి. తిరుపతి, పేట్లూరు కాగితాల కోసం అవతలి ప్రభుత్వానికి మీరు ఒక ఉత్తరం రాస్తే చాలు. నీళ్ల పంచాయితీ కాదు కదా, నకలు ఇస్తే వాళ్లకు తగ్గేదేమీ లేదు.

గ్రంథాలయాలు మీ శాఖ కిందికి రావని అధికారులు చెప్పొచ్చు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్న రైతుకు శాఖల తేడా తెలియదు. 1922లోనే పల్లెటూరి జనం కోసం నీలగిరి పత్రిక నడిపిన ఊరు మాది. చదివేవాళ్లు లేరనే మాట మాత్రం అనకండి.

వానలు పడగానే ఇక్కడ కొత్త తోటలకు గుంతలు తీస్తారు. ఈసారి ఏ వేరు మీద కట్టిన అంట్లు తేవాలని పక్క తోట రైతు మళ్లీ నన్నే అడుగుతున్నాడు. ఆ లోపు ఒక్క గ్రంథాలయంలోనైనా మొదలుపెట్టించండి. స్లిప్పుల పుస్తకం నేనే కొనిస్తాను. మొదటి స్లిప్పు అతనిదే.

ఇట్లు,
నల్గొండ జిల్లా బత్తాయి రైతు, విశ్రాంత లైబ్రేరియన్