వ్యాసం రాయించి చేతులు దులుపుకుంటే చాలదు

సంపాదకుడికి,

పిల్లలు చేసే నేరాల గురించి మాట వస్తే చాలు, పుణె పోర్షే కారు కేసు ముందుకొస్తుంది. 2024 మేలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోతే, రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయమని, కొన్నాళ్లు ట్రాఫిక్ పోలీసులతో పనిచేయమని, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిలిచ్చి పంపింది. జనానికి ఒళ్లు మండింది. మండకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ కోపంలో, తప్పు చేసిన పిల్లల్ని నాలుగ్గోడల మధ్య పెట్టకుండా బాగుచేయొచ్చన్న ఆలోచనే నవ్వులపాలైంది. ఆ వ్యాసం బెయిలు షరతే తప్ప తుది తీర్పు కాదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. గొడవ ముదిరాక అబ్బాయిని హోమ్‌కు, అంటే నేరారోపణ ఉన్న పిల్లల్ని ఉంచే ప్రభుత్వ గృహానికి, పంపారు. ఆ నిర్బంధం చెల్లదని బాంబే హైకోర్టు జూన్‌లో విడిచిపెట్టింది.

మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మెతకదేం కాదు. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాతి ఆగ్రహంలో పుట్టింది. ఘోర నేరాల్లో 16 దాటినవారిని పెద్దల్లా విచారించే దారి అందులోనే ఉంది. అలాంటి చట్టం కూడా హోమ్‌కు పంపడం చివరి మార్గమే అంటుంది. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, మంచి నడవడిక షరతుపై తల్లిదండ్రులకు అప్పగించడం వంటివన్నీ 18వ సెక్షన్‌లో ఉన్నాయి. పార్కుల బాగోగులు చూడటం, వృద్ధులకు సేవ చేయడం, ఆసుపత్రిలో సాయపడటం వంటి పనుల్ని ఈ చట్టం కింద వచ్చిన 2016 నియమాలు ఉదాహరణగా చెప్పాయి కూడా.

బైకో ఫోనో ఎత్తుకెళ్లి దొరికిన పేదింటి పిల్లాడికి ఇందులో ఎంత అందుతోందన్నదే నా ప్రశ్న. పూచీకత్తు లేకుండానూ బెయిలివ్వొచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. తీసుకెళ్లడానికి ఇంటి నుంచి ఎవరూ రాకపోతే ఆ మాటకు విలువేముంది? పిల్లాడు బడి ఎందుకు మానేశాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఇంట్లో పట్టించుకునేవాళ్లున్నారా అన్నది ప్రొబేషన్ అధికారి (ఇలాంటి పిల్లల బాగోగులు, నడవడిక చూసే అధికారి) రెండు వారాల్లో విచారించి రాయాలి. బోర్డు నిర్ణయానికి ఆధారం ఆ నివేదికే. జిల్లా మొత్తానికి ఒకరో ఇద్దరో అధికారులుంటే ఆ కాగితం కుర్చీలో కూర్చునే నింపుతారు. సమాజ సేవకు పంపినా, పిల్లాడు వచ్చాడో లేదో చూసే మనిషి లేకపోతే అదీ 300 పదాల వ్యాసం లాగే తయారవుతుంది.

న్యూజిలాండ్ 1989లోనే చట్టం చేసి, పిల్లాడిని, కుటుంబాన్ని, నష్టపోయినవారిని, పోలీసుల్ని ఒకచోట కూర్చోబెట్టి, జరిగిన నష్టానికి ఆ పిల్లాడు ఏం చేయాలో వాళ్లచేతే తేల్పిస్తోంది. నా దృష్టిలో ఇది హోమ్ కన్నా కష్టమైన శిక్ష. పోగొట్టుకున్న మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం ఏ కుర్రాడికీ తేలిక కాదు. మన చట్టంలో ఇలాంటి సమావేశం ఊసే లేదు. పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అవదు.

ప్రభుత్వాలు ముందుగా ప్రొబేషన్ అధికారుల ఖాళీలుంటే నింపాలి. పిల్లల్ని సేవకు తీసుకుని, రోజూ హాజరు వేసి, బోర్డుకు నివేదిక పంపే ఆసుపత్రులు, గ్రంథాలయాల జాబితా ప్రతి జిల్లాలో సిద్ధం చేయాలి. ఏ బోర్డు ఎంతమందిని హోమ్‌కు పంపింది, ఎంతమందికి సమాజ సేవ విధించింది, అందులో ఎంతమంది పూర్తిచేశారు అన్న లెక్క, పిల్లల పేర్లు బయటపడకుండా, ఏటా ప్రజల ముందు పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు